ఎవరు రాసిన రాత?

మా నాన్నమ్మ ముంజేతి మీద తేలు ఉండేది. కొండి పైకెత్తిన తేలు, పక్కనే మూడు చుక్కలు. ముసలితనంలో చర్మం ముడతలు పడి అది కాస్తా పీతలా కనిపించేది. చర్మాన్ని రెండు వేళ్ళతో లాగి పట్టుకుంటే మళ్ళీ తేలే. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు ఊళ్ళోకి వచ్చిన ఎరుకల ఆమె పొడిచిందట. దీపం మసిలో ఏదో ఆకుపసరు కలిపి, కట్టగా కట్టిన సూదులు అందులో ముంచి, ఒక్కో చుక్కే గుచ్చుతూ పొద్దెక్కేదాకా కూర్చుందట. ఇద్దరు మేనత్తలు పిల్లని కదలకుండా పట్టుకున్నారు. కూలి శేరు బియ్యం, ఒక పాత కోక.

"పోయినప్పుడు ముక్కుపుడకతో సహా ఊడదీసేస్తార్రా. నాతో వచ్చేది ఇదొక్కటే" అనేది. ఆమె పోయినరోజు అలాగే జరిగింది. గాజులు తీశారు, కమ్మలు తీశారు, ముక్కుపుడక రాకపోతే కొబ్బరినూనె రాసి తీశారు. తేలు ఆమెతోనే వెళ్ళింది. పొలం గానీ ఇల్లు గానీ ఏనాడూ తన పేరున లేని మనిషికి, ఎవరూ తీసుకోలేనిది ఒకటి తన ఒంటిమీద ఉందన్న ధీమా ఎంత పెద్దదో నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని అర్థం కాలేదు. పచ్చబొట్టు చెరగదు అన్నది ఆమెకు ధైర్యం.

అదే మాట మా మేనల్లుడికి ఉరి అయింది.

వాడు పంతొమ్మిదేళ్ళ వయసులో విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతరలో, మిషను పెట్టుకుని కూర్చున్నవాడి దగ్గర, కుడి ముంజేతి మీద ఒక అమ్మాయి పేరు వేయించుకున్నాడు. నాలుగక్షరాలు. సూది మార్చాడో లేదో కూడా చూసుకోలేదు. జాతర సూదులతో వచ్చే కామెర్ల జబ్బుల గురించి వాడికి అప్పట్లో చెప్పినవాళ్ళూ లేరు. తర్వాత మూడేళ్ళకి కేంద్ర బలగాల్లో కానిస్టేబులు పరీక్ష రాశాడు. పరుగులో నెగ్గాడు, ఛాతీ కొలతలో నెగ్గాడు, వైద్య పరీక్షలో ఆగిపోయాడు. ఆ బలగాల నిబంధన ప్రకారం పేరైనా దేవుడి బొమ్మైనా ఎడమ ముంజేతి లోపలి వైపున, లేదంటే అరచేతి వెనక ఉండొచ్చు. అదీ ఆ భాగంలో నాలుగో వంతుకి తక్కువే ఉండాలి. కుడి ముంజేతి మీద కుదరదు, అది సెల్యూట్ చేసే చెయ్యి. వాడు ఆ రాత్రి ఇంటికొచ్చి చెయ్యి తువ్వాలులో చుట్టుకుని పడుకున్నాడు. మా చెల్లెలు నాకు ఫోను చేసింది.

అలా వాడితో విశాఖపట్నం వెళ్ళాను.

చర్మవ్యాధుల డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. జాతర పని కాబట్టి సిరా ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన పడిందని, కనీసం ఏడెనిమిది సిట్టింగులు కావాలని, ఒక్కోదానికి మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎడం ఉండాలని చెప్పింది. మాకు నల్లద్దాలు ఇచ్చారు. చేతికి మత్తు పూత రాసి ముప్పావుగంట కూర్చోబెట్టారు. తర్వాత మొదలైంది. టక్ టక్ టక్‌మని మిషను చప్పుడు. వాడి దవడలు బిగుసుకున్నాయి. పోపులో చిట్లిన నూనెచుక్కలు వరసగా ఒకే చోట పడుతున్నట్టు ఉందని తర్వాత చెప్పాడు. వెంట్రుక కాలిన వాసన సన్నగా వచ్చింది. అప్పుడు నేను ఊహించనిది ఒకటి కళ్ళముందు జరిగింది. కాంతి పడ్డ చోటల్లా నల్లటి అక్షరాలు తెల్లగా పొంగాయి. పిండితో ముగ్గు పెట్టినట్టు, ఆ అమ్మాయి పేరు వాడి చేతి మీద ముందెన్నడూ లేనంత స్పష్టంగా తేలింది. చెరపడానికి వచ్చి చదువుతూ నిలబడ్డాం. పావుగంటకి ఆ తెలుపు తగ్గి, కింద మళ్ళీ నలుపు కనిపించింది. చుట్టూ ఎర్రగా కంది ఉంది.

"నొప్పెట్టిందేటిరా?" అన్నాను.

"ఏటీ లేదు మావయ్యా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"బాబూ, నేను పగలగొడతానంతే. మోసుకెళ్ళాల్సింది నీ ఒళ్ళే" అంది డాక్టరమ్మ. ఆ మాట పట్టుకుని నేను కొన్ని నెలలు చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. చర్మం పైపొర నెల తిరిగేసరికి రాలిపోయి కొత్తది వస్తుంది. సిరా దాని కిందిపొరలో ఉంటుంది కాబట్టి రాలదు. సూది గుచ్చగానే శరీరం దాన్ని గాయంగానే చూస్తుంది. బయటివాటిని మింగే భక్షక కణాలు, మాక్రోఫేజ్‌లు, పరుగున వచ్చి ఆ రంగు రేణువుల్ని మింగేస్తాయి. మింగుతాయే గాని అరిగించుకోలేవు. కడుపులో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోతాయి. 2018లో ఫ్రాన్సులోని మార్సెయ్ శాస్త్రవేత్తలు ఎలుకల తోకల మీద పచ్చరంగు పొడిచి, ఆ కణాల్ని చంపి చూశారు. పచ్చబొట్టు చెక్కు చెదరలేదు. చచ్చిన కణం వదిలేసిన రంగుని కొత్తగా పుట్టిన కణం మింగింది. అంటే మన ఒంటిమీది పచ్చబొట్టు కదలకుండా పడున్న మరక కాదు. ఒక తరం కణాలు చనిపోతూ తర్వాతి తరానికి అప్పగిస్తున్న బరువు. మొదటిరోజున దాన్ని ఎత్తుకున్న కణం ఒక్కటీ మిగిలి ఉండకపోవచ్చు, బరువు మాత్రం మిగులుతుంది.

ఇది చదివినరోజు నాకు నిద్ర పట్టలేదు. కులం పేరుతో, పరువు పేరుతో, పాత పగల పేరుతో మనుషులు చేస్తున్నది ఇదే కదా అనిపించింది. మొదట మింగినవాళ్ళు ఎప్పుడో పోయారు. తర్వాత పుట్టినవాళ్ళం ఎందుకో తెలియకుండానే మింగుతూ వస్తున్నాం.

లేజరు ఈ అప్పగింతని ఆపదు. రేణువుని ముక్కలు చేస్తుంది, అంతే. 1960లో మైమన్ మొదటి లేజరు కిరణాన్ని కెంపు కడ్డీ నుంచి పుట్టించిన కొద్ది ఏళ్ళకే, సిన్సినాటి చర్మవైద్యుడు లియాన్ గోల్డ్‌మన్ దాన్ని పచ్చబొట్ల మీద ప్రయోగించి చూశాడు. ఎంతసేపు కాంతి పడితే రంగు మాత్రమే వేడెక్కి పక్కనున్న చర్మం కాలకుండా ఉంటుందన్న లెక్క 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. ఇప్పుడు వాడే మిషన్లలో ఒక మెరుపు సెకనులో వంద కోట్లవ వంతులు కొన్ని మాత్రమే ఉంటుంది. పికో మిషన్లు ఇంకా చురుకు, సెకనుని లక్ష కోట్ల వంతులు చేసి లెక్కపెడతాయి. ఆ దెబ్బకి రేణువు పొడి అయితే, భక్షక కణాలు ఆ పొడిని కొంచెం కొంచెంగా శోషరస నాళాల్లోకి మోసుకుపోతాయి. కొంత బయటికి పోతుంది, కొంత శోషరస గ్రంథుల్లో ఉండిపోతుంది. ఆరు వారాల ఎడం ఎందుకంటే ఈ మోత పని నడవాలి. మిషను పని పది నిమిషాలది. మిగతా కాలమంతా మనిషి నిద్రపోతూ, అన్నం తింటూ, బస్సెక్కుతూ తనకు తెలియకుండానే తన గుర్తుని తానే మోసి పారేస్తుంటాడు.

మరిచిపోవడం ఇంత కష్టపడి చేసే పని అని నాకు తెలియదు. "మరిచిపోరా" అని పిల్లలకి ఎంత తేలిగ్గా చెప్పేస్తాం.

మా చెల్లెలికి ఈ చెరిపించడం మొదట్లో నచ్చలేదు. ఉద్యోగం కావాలి, అయినా ఆమె మనసులో ఇంకో లెక్క ఉంది. "చేసిన తప్పు కనబడుతూ ఉంటే బుద్ధిగా ఉంటాడన్నయ్యా" అంది. ఆ మాట ఆమె ఒక్కదానిది కాదు, మనందరిలోనూ ఉంది. గుర్తు వేస్తే మనిషి అదుపులో ఉంటాడన్న నమ్మకం చాలా పాతది. దాని చరిత్ర చూస్తే భయం వేస్తుంది.

మనం నుదుటి రాత అంటాం. బ్రహ్మ రాశాడంటాం, చెరపడం ఎవరి తరమూ కాదంటాం. ఈ దేశంలో బ్రిటిషువాళ్ళు నిజంగానే మనుషుల నుదుటి మీద రాశారు. యావజ్జీవ ఖైదీల నుదుటి మీద వాళ్ళ నేరాన్ని పొడిపించేవారు. ఆ శిక్షను 1849లో రద్దు చేశారు. రద్దయిన నూట నలభై నాలుగేళ్ళకి, 1993 డిసెంబరు 8న, అమృత్‌సర్‌లో పంజాబు పోలీసులు నలుగురు స్త్రీల నుదుటి మీద 'జేబ్ కత్రీ' అని పచ్చబొట్టు పొడిపించారు. జేబుదొంగ అని అర్థం. వాళ్ళు సాన్సీ జాతివాళ్ళు. కోర్టుకి తెచ్చినప్పుడు ఆ అక్షరాలు కనబడకుండా దుపట్టాలు కప్పించారు. విషయం బయటపడ్డాక, అప్పుడే ఏర్పడిన జాతీయ మానవ హక్కుల కమిషన్ కల్పించుకుంది, హైకోర్టుకీ వెళ్ళింది. పరిహారం ఇమ్మన్నారు, ప్లాస్టిక్ సర్జరీ చేయించి అక్షరాలు తీయించమన్నారు. పోలీసులకి శిక్ష పడింది 2016 అక్టోబరులో. ఇరవై మూడేళ్ళు పట్టింది.

ఆ నుదుళ్ళ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు నాన్నమ్మ చెయ్యి గుర్తుకొస్తుంది. సాన్సీలు నేరస్థ జాతి అని 1871 చట్టం ముద్ర వేసింది. ఆ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశాక ఆ ముద్ర మా ఎరుకలవాళ్ళ మీదా పడింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో వాళ్ళని కాపలా పెట్టి ఉంచారు. రోజూ హాజరు, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. తల్లి కడుపులో ఉన్న బిడ్డ కూడా ఆ చట్టం దృష్టిలో దొంగే. 1952లో చట్టం పోయింది. విముక్త జాతులు అన్నారు. మా తెలుగు పల్లెల్లో ఇంటింటి ఆడపిల్లల చేతుల మీద తేళ్ళూ తులసికోటలూ పొడిచి, శుభం పలికి, శేరు బియ్యం తీసుకుని వెళ్ళిన ఆ స్త్రీల జాతి మొత్తం మీద ప్రభుత్వం పొడిచిన పచ్చబొట్టు అది. సూది లేదు, సిరా లేదు. కాగితం మీది చట్టం రద్దయి డెబ్బై ఏళ్ళు దాటినా, ఎక్కడైనా దొంగతనం జరిగితే పోలీసులు మొదట ఏ ఇళ్ళకి వెళ్తారో చూడండి. ఆ రంగుని ఏ కణాలు మింగి దాచాయో, ఏ కాంతితో పగలగొట్టాలో నాకు తెలియడం లేదు.

ఇతరులు రాసిన రాతని చెరపడం న్యాయమనడానికి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. అయితే అక్కడా అందరూ చెరపలేదు. ఆష్విట్జ్‌లో నాజీలు ఖైదీల ముంజేతుల మీద అంకెలు పొడిచారు. ఇటలీ రచయిత ప్రీమో లేవీ అంకె 174517. బతికి బయటపడ్డాక నలభై ఏళ్ళు ఆ అంకె చేతి మీదే ఉంది. ఎందుకు తీయించుకోలేదని కుర్రాళ్ళు అడిగితే, ఎందుకు తీయించుకోవాలి, ఈ సాక్ష్యం మోసేవాళ్ళం ప్రపంచంలో ఎక్కువమందిమి లేం కదా అన్న అర్థంలో జవాబిచ్చాడు. 1987లో చనిపోయాక టురిన్‌లో ఆయన సమాధి మీద పేరుతోపాటు ఆ అంకె కూడా చెక్కారు. అమృత్‌సర్ స్త్రీలు తీయించుకున్నారు, లేవీ ఉంచుకున్నాడు. నాకు ఇద్దరిలోనూ ఒకే గౌరవం కనిపిస్తుంది. రాసినప్పుడు వాళ్ళని ఎవరూ అడగలేదు. ఉంచాలా తీయాలా అన్న రెండో నిర్ణయమైనా వాళ్ళ చేతికి వచ్చింది. మనిషి మనిషిగా నిలబడేది ఆ రెండో నిర్ణయంలోనే అని నా నమ్మకం.

మరి మా మేనల్లుడి సంగతి? వాడి చేతి మీద ఎవరూ బలవంతంగా రాయలేదు. డబ్బులిచ్చి తానే రాయించుకున్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు ఇచ్చిన మాటకి ఇరవై మూడేళ్ళవాడు ఎంతవరకు బాధ్యుడు? అది నేను కాదు, అప్పటి నేను వేరు అనడం మోసం అవుతుందా? నేను దీన్ని చాలా రకాలుగా తిప్పి చూశాను. రిజిస్ట్రారు ముందు వేలిముద్ర వేసి రాసుకున్న దస్తావేజుకైనా రద్దు దస్తావేజు అని ఒకటుంటుంది. రద్దు చేస్తే మొదటి సంతకం అబద్ధమైపోదు. ఆ రోజున నిజంగానే రాశాం, ఈ రోజున నిజంగానే రద్దు చేస్తున్నాం. రెండింటి కిందా సంతకం ఒక్కరిదే. మనిషి మారడాన్ని నేరంగా చూసే నీతి నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ప్రేమించడం తప్పు కాదని మా చెల్లెలికి చెప్పాను. తప్పు కానిదాన్ని గుర్తుగా ఉంచి శిక్షించడం ఏం న్యాయం అన్నాను. ఆమె ఏమీ అనలేదు, రెండో సిట్టింగుకి తనే డబ్బు ఇచ్చి పంపింది.

వాడు మాత్రం నేను ఆలోచించని మాట ఒకటి చెప్పాడు. రెండోసారి వెళ్తున్నప్పుడు, భోగాపురం దాటాక, బస్సు కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "ఆ పేరు నాకేం బరువు కాదు మావయ్యా. ఉద్యోగం కోసమే మొదలెట్టాను. కానీ ఆ పిల్లకి పెళ్ళయిపోయింది కదా. జిమ్ములో, రైల్లో, పరుగు పందెం కాడ ఎవడో ఒకడు నా చెయ్యి చూసి తన పేరు పైకి చదువుతాడు. చర్మం నాదే గానీ పేరు తనది కదా." నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఎన్నో పుస్తకాలు చదివిన నాకు తట్టనిది వాడికి తట్టింది. పేరు పొడిపించుకునేటప్పుడు ఆ పేరున్న మనిషిని మనం అడగం. మన ఒంటిమీద మనకు హక్కు ఉంది అని గట్టిగా చెబుతాం. ఆ ఒంటిమీదకి తెచ్చి పెట్టుకున్న ఇంకొకరి పేరు మీద ఎంత హక్కు ఉందో మనల్ని మనం అడగం.

సెల్యూట్ చేసే చేతి నిబంధన గురించీ నాకో మాట ఉంది. బలగాలకి క్రమశిక్షణ కావాలి, నిజమే. సైన్యం గిరిజనుల ఆచారపు పచ్చబొట్లకి మినహాయింపు ఇస్తుంది, అది మంచి పని. తీయించుకుంటామన్నవాళ్ళకి మళ్ళీ వైద్య పరీక్ష పెట్టమని ఢిల్లీ హైకోర్టు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అయినా ఒక పేరు రాసి ఉన్నంత మాత్రాన ఆ చెయ్యి జెండాకి చేసే వందనం తక్కువైపోతుందా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. ఈ నిబంధన సంగతి ప్రకటనలో ఎక్కడో చివర ఉంటుంది. జాతరకి వెళ్ళే కుర్రాడికి ఎవరూ చెప్పరు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తే పిల్లల్ని చూసినవాళ్ళకి, ఒక ముంజేతి గుర్తు ఎన్నేళ్ళ పరుగుని వృథా చేస్తుందో తెలుస్తుంది. ఇంటర్ కాలేజీల్లో ఈ ఒక్క మాట చెబితే చాలు.

తొందరపడ్డవాళ్ళు చేసే పనులు చూశాక ఇది కూడా చెప్పాలి. ఆరో శతాబ్దపు బైజాంటియం వైద్యుడు ఏటియస్ రాసిన పుస్తకంలోనే పచ్చబొట్లు తీసే లేపనాలున్నాయి. ఉప్పుతో రుద్దే పద్ధతి అప్పటి నుంచీ ఉంది. అది పోలేదు. ఉప్పుతో గీకినవాళ్ళని, సున్నం పెట్టుకున్నవాళ్ళని, ఆన్‌లైన్‌లో కొన్న యాసిడ్ పూసుకున్నవాళ్ళని ఆ క్లినిక్‌లోనే చూశాను. సిరా ఉన్న పొర దాకా వెళ్ళాలంటే పైపొర మొత్తం కాలాలి. పేరు పోయినా పోకపోయినా, ఉబ్బెత్తు మచ్చ ఖాయం. క్రీములు అంత లోతుకి దిగవు, డబ్బు దండగ. చిన్న గుర్తయితే చర్మాన్ని కోసి కుట్టు వేయడం ఉంది, ఒక్కరోజులో తేలిపోతుంది గాని కుట్టు గీత జీవితాంతం ఉంటుంది. యంత్రంతో చర్మాన్ని అరగదీసే పద్ధతికీ మచ్చ తప్పదు. పాత బొమ్మ మీద పెద్ద బొమ్మ వేయించుకుని కప్పేయడం కొందరికి నచ్చుతుంది, మా వాడికి అది పనికిరాదు.

లేజరులోనూ మనలాంటి చామనఛాయ ఒంటికి ఒక చిక్కుంది. కాంతికి సిరా ఏదో, మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఏదో తేడా బాగా తెలియదు, రెండింటినీ కొడుతుంది. అందుకే 1064 నానోమీటర్ల కిరణం వాడతారు, అది మెలనిన్‌ని తక్కువగా తాకి లోపలికి దిగుతుంది. అంత జాగ్రత్తగా చేసినా కొందరికి తెల్లమచ్చలు పడతాయి. నలుపు త్వరగా పోతుంది, పచ్చా నీలం మొండికేస్తాయి. ఇదంతా ముందే చెప్పి, ఒక చిన్న భాగం మీద పరీక్షించి చూసే డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. బ్యూటీ పార్లర్ల చేతికి ఆ మిషను ఇవ్వడం ప్రమాదం.

గత నెల అయిదో సిట్టింగు అయింది. మొదటి రెండక్షరాలు దాదాపు పోయాయి. మూడోది వర్షంలో తడిసిన గోడరాతలా ఉంది. చివరి అక్షరం దగ్గర సూది లోతుగా దిగిందట, అది ఇంకా మూడు సిట్టింగులు పట్టొచ్చు. వాడు మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. వాళ్ళ అమ్మ పొద్దున్నే వాడి చేతికి ఎండ తగలకుండా పొడుగు చేతుల చొక్కా ఇస్తోంది.

మీ ఇంట్లో పిల్లలెవరైనా ఒంటిమీది పేరు తీయించుకుంటామంటే, ఎవరి పేరు, ఎప్పుడు రాయించావు అని గుచ్చి గుచ్చి అడగకండి. ఒకసారి గుచ్చింది చాలు. మంచి చర్మవ్యాధుల డాక్టరుని వెతికి, వాళ్ళతో పాటు వెళ్ళండి. మత్తు పూత పని చేసేదాకా ముప్పావుగంట పడుతుంది, ఆ ముప్పావుగంటా పక్కన కూర్చోండి.